వినుటలోని ప్రయాస



పండుగకు పిల్లలు, మనుమలు ఇంటికి చేరినప్పుడు తాతగారు ఒక గంటసేపు అందరి మధ్య కూర్చుందురు. తరువాత మెల్లగా లేచి, అవతలనున్న మంచము మీద నడుము వాల్చుదురు. "తాతయ్యకు మన మాటలు పట్టవు" అని మనము అనుకొందుము. నిజముగా పట్టకనే లేచిపోయిరా?

వినుట చెవి పని మాత్రమే కాదు. వినికిడి తగ్గినవారికి మాట సగమే అందును. "పప్పు తెచ్చావా" అన్నారో "ఉప్పు తెచ్చావా" అన్నారో మెదడు ముందు వెనుక మాటలను బట్టి పోల్చుకొనవలెను. అంతలో ఎదుటివారు మరి రెండు మాటలు చెప్పివేయుదురు. ఈ ప్రయాస పైకి కనబడదు, గాని దేహము దానిని చూపించును.

1966లో డానియేల్ కానమన్, జాక్సన్ బీటీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి వరుసగా అంకెలు వినిపించి, గుర్తుంచుకొని తిరిగి చెప్పుమనిరి. ఒక్కొక్క అంకె చేరిన కొలది వారి కంటిపాప పెద్దదాయెను. తిరిగి చెప్పుచుండగా చిన్నదగుచు వచ్చెను. ఈ మార్పు మిక్కిలి స్వల్పము, సాధారణముగా అర మిల్లీమీటరుకు లోపే. వెలుతురుకు కూడ కంటిపాప మారును గనుక, వెలుగు మారని గదిలో కెమెరాతో దీనిని కొలుతురు.

2010లో నెదర్లాండ్స్ దేశమందు ఆడ్రియానా జెక్వెల్డ్, ఆమె తోటి పరిశోధకులు రణగొణ ధ్వని మధ్య వాక్యములు వినిపించి చూచిరి. మాట తెలిసికొనుట కష్టమైన కొలది కంటిపాప మరింత పెద్దదాయెను. తరువాతి పరిశోధనలలో మరియొక సంగతి తేలినది. ధ్వని మరీ ఎక్కువై ఏమియు అర్థము కానప్పుడు కంటిపాప అంతగా విప్పారదు. అనగా, మనిషి ప్రయత్నము విడిచిపెట్టుచున్నాడు.

చర్మపు చెమట, గుండె కొట్టుకొను వేగము, మెదడులోని విద్యుత్ తరంగములు కూడ ఇట్లే కొలుతురు. భయము, సంతోషము వలన కూడ ఇవి మారును గనుక ఒక్క గురుతునుబట్టి తీర్పు చెప్పరాదు.

ఈ కొలతల ఉపయోగమేమి? మామూలు చెవి పరీక్ష ఎంత మెల్లని శబ్దము వినబడునో చెప్పును. ఇద్దరు ఒకే వాక్యమును తప్పులేకుండ తిరిగి చెప్పవచ్చును. వారిలో ఒకరు ఎక్కువ శ్రమపడియుండవచ్చును. ఆ శ్రమను పరీక్ష చూపదు. చుట్టుపట్ల ధ్వనిని తగ్గించు వినికిడి యంత్రము పెట్టినప్పుడు, మాట ముందే బాగుగా తెలియుచున్నను, కంటిపాప విప్పారుట తగ్గెనని పరిశోధకులు కనుగొనిరి.

మన ఇంట కెమెరా అక్కరలేదు. పెద్దవారితో మాటలాడునప్పుడు టీవీ కట్టివేయుడి. ఎదుటికి వచ్చి, ముఖము మీద వెలుతురు పడునట్లు కూర్చుండుడి. ఒకరి తరువాత ఒకరు మాటలాడుడి. అరవవద్దు, అరచినయెడల మాట చెడును. నిదానముగా తేటగా చెప్పుడి. అర్థము కానియెడల అదే మాటను మరల మరల అనక, వేరే మాటలతో చెప్పుడి. మందిరములో మైకు పెంచినంత మాత్రమున మాట తేటపడదని కూడ మనము గుర్తుంచుకొందము.

ఈసారి తాతగారు లేచి మంచము దగ్గరకు వెళ్లినప్పుడు, ఆ గంటసేపు ఆయన ఎంత శ్రమపడిరో తలంచుడి. కొంతసేపు విశ్రాంతి తీసికొననియ్యుడి. తరువాత మీలో ఒక్కరు వెళ్లి ఆయన ప్రక్కను కూర్చుండుడి.