తలలు కాదు, పేర్లు లెక్కపెట్టండి

వరికోతలు ముగిసి చేతిలో నాలుగు రూపాయలు ఆడే వేళకు మన సంఘాల్లో బస్సు మాట్లాడుకోవడం మొదలవుతుంది. మెదక్ చర్చి చూచి రావడం పాత అలవాటు. ఇప్పుడు యౌవనస్థులు పాపికొండలు అంటున్నారు. పట్నంలో ఉద్యోగాలు చేసే మన పిల్లలైతే అండమానుకో, విశాఖ ఋషికొండకో వెళ్ళి, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రం అడుగున చేపలను చూచి వస్తున్నారు. దాన్ని స్కూబా డైవింగు అంటారు. నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే చూడడానికి పరుగెత్తే బాన్సువాడవాళ్ళం మేము. నీళ్ళను చూచి సంతోషించేవారిని తప్పుపట్టలేము. అయితే మాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా సంఘం నుండి 43 మంది ఒక జలాశయం చూడబోయాం. లాంచీలో దీవికి వెళ్ళి, భోజనాలు చేసి, పాటలు పాడుకొని, సాయంకాలం తిరిగి లాంచీ ఎక్కాం. మాలో ఒక పెద్దాయన తలలు లెక్కపెట్టారు. 43 వచ్చింది. లాంచీ కదిలింది. ఇవతలి ఒడ్డున బస్సు ఎక్కుతుండగా ఒక అవ్వ, "అయ్యగారూ, మా పోరడేడి?" అన్నది. స్త్రీలతో ఉన్నాడని మగవాళ్ళు, మగవాళ్ళతో ఉన్నాడని స్త్రీలు అనుకున్నారు. లెక్కలో వచ్చిన 43వ తల మా వరుసలో కూర్చున్న వేరే ఊరి పిల్లవాడిది! మావాడు దీవిలో చెట్టుకింద నిద్రపోయాడు. ఆఖరి లాంచీలో వాడు వచ్చేవరకు ఆ గంటన్నర అవ్వ ముఖంలోకి చూడడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. తప్పు లాంచీవాళ్ళది కాదు, మాదే.

ఇంతకంటె ఘోరమైనది ఆస్ట్రేలియాలో జరిగింది. 1998 జనవరి 25న స్కూబాకు వెళ్ళిన ఒక అమెరికా దంపతులను సముద్రంలోనే విడిచి పడవ ఒడ్డుకు వచ్చేసింది. పడవమీద లెక్క సరిపోయిందనుకున్నారు. ఇద్దరు తక్కువైన సంగతి రెండు రోజుల తరువాత, పడవలో మిగిలిపోయిన వారి సంచి చూచినప్పుడుగాని తెలియలేదు. అప్పుడు ఎంత వెదకినా వారు దొరకలేదు. ఎంత చదువుకున్న దేశమైనా లెక్క తప్పితే అంతే.

మన గోదావరి సంగతి మరువగలమా? 2019 సెప్టెంబరు 15, ఆదివారం. వరద ఉధృతంగా ఉన్న వేళ పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో మన తెలంగాణవారు ఎందరో ఉన్నారు. గ్రామస్థులు పడవలు వేసుకొని పరుగెత్తగా 26 మంది ప్రాణాలతో దక్కారు. ఎంతమంది ఎక్కారని మొదట చెప్పిన సంఖ్య ఆ తరువాత మారింది, చివరికి 77 అన్నారు. ఇంటి దగ్గర ఎదురుచూచేవారికి ఆ సంఖ్య మారడమంటే ఏమిటో ఆలోచించండి. మా అబ్బాయి ఎక్కాడా, ఎక్కలేదా అన్నదే తెలియదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ బద్దలయింది. తుపాను మధ్యలో కూడ లూకా ఓడలోని మనుష్యుల సంఖ్యను వ్రాసిపెట్టాడు, 276 మంది. అందరూ మెలితే ద్వీపం చేరారు. ఆ వాక్యాన్ని మేము ఎన్నోసార్లు చదివి దాటిపోయినవాళ్ళమే.

ఆ దీవి సంగతి జరిగినప్పటినుండి మేము ఒక నోటుపుస్తకం పెట్టాం. చంకలో ఉన్న బిడ్డతో సహా అందరి పేర్లు రెండు ప్రతులు వ్రాస్తాం. ఒకటి మాతో వస్తుంది, రెండవది ఊళ్ళో ఉండిపోయే పెద్దల దగ్గర ఉంటుంది. పడవ ఎక్కేముందు, కదిలేముందు, దిగిన తరువాత బడిలో హాజరు పిలిచినట్టు పేర్లు పిలుస్తాం. ఎవరి పేరుకు వారే పలకాలి. పక్కవాళ్ళు "ఉన్నాడండీ" అంటే ఒప్పుకోము. దీనికి నవ్వేవాళ్ళు నవ్వుతారు.

లైఫ్ జాకెట్టు విషయంలో స్త్రీలకు ఒక మాట. చీర నలుగుతుందని, ఉక్కపోస్తుందని విప్పి పక్కన పెట్టవద్దు. బోటు మునగడానికి ఎంతోసేపు పట్టదు, వెదికి కట్టుకునే వ్యవధి ఉండదు. భోజనం చేసేటప్పుడు కూడ బకిలు పెట్టుకొనే ఉండాలి. అందరికీ జాకెట్లు లేకపోయినా, జనం ఎక్కువైనా, వరద ఉన్నా ఆ పడవ ఎక్కవద్దు. అడ్వాన్సు పోతే పోనివ్వండి.

స్కూబాకు వెళ్ళే పిల్లలకు తల్లిదండ్రులు చెప్పవలసినది ఇంకొంచెం ఉంది. నీళ్ళలో దిగేముందు పేరు వ్రాయించుకొని, పైకి వచ్చాక తామే సంతకం చేయాలి. జంటగా దిగినవాడిని విడిచి పోకూడదు. మెడలో ఈల ఉండాలి. ఏ పడవ, ఎన్ని గంటలకు తిరిగి వస్తుంది అన్నది ముందే ఇంటికి చెప్పాలి. ఆ వేళ దాటినా ఫోను రాకపోతే మొగమాటం లేకుండ ముందు పడవవాళ్ళకు, తరువాత 112కు గాని, సముద్రమైతే కోస్టుగార్డు 1554కు గాని ఫోను చేయండి. పిల్లలు కోప్పడితే కోప్పడనివ్వండి.

ఆ అవ్వ మనుమడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పోయిన సంక్రాంతి సెలవుల్లో బస్సు వేసినప్పుడు నోటుపుస్తకం పట్టుకొని పేర్లు పిలిచింది వాడే. కొంచెం గట్టిగానే పిలుస్తాడు.