ఒక్క సంతకమే కదా, సిస్టరమ్మా!

"సిస్టరమ్మా, డాక్టరు గారి చేత ఒక్క సంతకం పెట్టించండి, బండి లోడై ఉంది" అంటూ మన ఓపీకి తరచు ఎవరో ఒకరు వస్తుంటారు. చేతిలో ఫారం 1ఎ ఉంటుంది. లారీ, బస్సు, టిప్పరు నడపడానికి లైసెన్సు కావాలన్నా, రెన్యువల్ చేయించుకోవాలన్నా డాక్టరు పరీక్ష చేసి ఇవ్వవలసిన సర్టిఫికెట్ అది. ఫోటో, ఆధార్ జిరాక్సులతో పాటు అదీ ఒక కాగితమని మనవాళ్ళ ఉద్దేశం.

ఆ కాగితం అడిగే ప్రశ్నలు చూడండి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు చదవగలడా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? హారన్ వినపడుతుందా?

కొన్నేళ్ళ క్రితం తెలిసిన కుటుంబమని, మొహమాటానికి, ఒకాయన ఫారం పరీక్ష లేకుండానే మా చేతుల మీదుగా వెళ్ళిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆరు నెలలు తిరక్కుండానే మునిమాపు వేళ ఆయన లారీ ఎడ్లబండిని గుద్దింది. బండి తోలే పెద్దాయననూ, ఈయననూ ఒకేసారి మా క్యాజువాలిటీకే తెచ్చారు. "ముందు బండి ఉన్నట్టే కనపళ్ళేదమ్మా" అన్నాడాయన. చూస్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. పెద్దాయన కాలు మోకాలి కింద తీసేయవలసి వచ్చింది.

ఆ వారమే గేటు దగ్గర నుంచి వేపచెట్టు దాకా టేపు పెట్టి 25 మీటర్లు కొలిపించి, సున్నంతో గీత గీయించాము. ఎవరి చుట్టమైనా సరే, ఆ గీత మీద నిలబడి అంబులెన్సు నంబరు చదవాల్సిందే. కోపగించుకుని వేరేచోటికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అక్కడ సంతకం దొరికే ఉంటుంది.

మన జి.కొండూరు రోడ్డు మీద కంకర టిప్పర్లు, ఇబ్రహీంపట్నం నుంచి బూడిద లారీలు. అటు నందిగామ, జగ్గయ్యపేట హైవే మీద సిమెంటు లారీలు, రాత్రి బస్సులు. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలం ముళ్ళపాడు దగ్గర ప్రైవేటు బస్సు కల్వర్టులో పడిన సంగతి ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. 2025 నవంబరు 3న తెలంగాణలో చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. కానీ పెద్ద బండి తప్పితే పోయేది ఒక ప్రాణం కాదు.

క్లీనరుగా ఎక్కిన కుర్రాడు ఏడాది తిరిగేసరికి స్టీరింగు పట్టుకుంటున్నాడు. "మావాడికి పద్దెనిమిది నిండాయండీ" అని తల్లులు సంబరంగా చెబుతారు. చట్ట ప్రకారం రవాణా బండికి 20 ఏళ్ళు నిండాలి, అంతకుముందు ఏడాదైనా చిన్న బండి లైసెన్సు ఉండాలి. టెస్టు ఏజెంటే చూసుకుంటాడనే మాట వింటే మాకు గుండె జారిపోతుంది.

ఇంకొక సంగతి. 2019 సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. అంటే షుగరున్న డ్రైవరు కళ్ళు అయిదేళ్ళపాటు ఎవరూ చూడకపోవచ్చు. మీ ఇంట్లో డ్రైవరుంటే, షుగరు ఉన్నా, ఎదుటి లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నా రెన్యువల్ దాకా ఆగకండి. శుక్లం ఆపరేషనుతో పోతుంది. డాక్టరు సరేనన్నాక మళ్ళీ బండెక్కినవాళ్ళు మా ఎరుకలోనే ఉన్నారు.

ఫారం తెచ్చేవారు పగటి వెలుతురు ఉండగానే రండి. కళ్ళజోడు ఉంటే ఇంట్లో వదిలేసి రావద్దు.