చీకట్లో సూర్యుణ్ణి ఊహించినవాడు

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ స్కైరూట్. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ రాకెట్‌ని నింగికి పంపడం అదే మొదలు. కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇవాళ ఉపగ్రహాలు, కృత్రిమ మేధ అంటే నెల జీతం వచ్చే పనులు. ఎనభైల్లో మాత్రం తెలుగువాళ్లకి అవి వారపత్రిక సీరియళ్లలో దొరికేవి. వచ్చే సంచిక కోసం ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చునేలా చేసిన రచయితల్లో ముందు వరసలో ఉంటారు యండమూరి వీరేంద్రనాథ్.

పుట్టింది 1948లో, కోనసీమలోని రాజోలులో. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. స్టేట్ ఫైనాన్స్ కార్పొరేషన్‌లోనూ, తర్వాత ఆంధ్రా బ్యాంకులోనూ ఉద్యోగం చేశారు. ఆ లెక్కల మనిషి ఆయన కల్పనలో అడుగడుగునా కనిపిస్తాడు. నమ్మలేని సంగతి ఒక్కటి మనచేత ఒప్పిస్తారు. ఇక అక్కణ్ణుంచి జరిగే ప్రతిదానికీ కారణం చూపిస్తారు. టైమ్ మెషీన్ రాసిన హెచ్.జి. వెల్స్ పనితనమూ ఇలాంటిదే.

ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన ‘తులసిదళం’ చేతబడి కథగానే జనానికి గుర్తు. అందులోని క్షుద్రశక్తి కాష్మోరా పేరు చెబితే ఇప్పటికీ ఉలిక్కిపడేవాళ్లున్నారు. కానీ ఆ నవలకి బిగువు తెచ్చింది భయం ఒక్కటే కాదు. ఒకవైపు మంత్రగాళ్లు, మరోవైపు డాక్టర్లు. మధ్యలో ఓ చిన్నపిల్ల ప్రాణం. ఎవరి వాదన నెగ్గుతుందో తేలక పాఠకుడు గింజుకుంటాడు. చేతబడిని ప్రోత్సహించారన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది. అది కొట్టిపారేయాల్సిన విమర్శ కాదు. అయితే నమ్మకాన్నీ విజ్ఞానాన్నీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టిన ఆ పద్ధతి అచ్చమైన సైన్స్ ఫిక్షన్‌కి దగ్గరిదే.

‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ ఆయన రాసిన అలాంటి సైన్స్ ఫిక్షన్ నవలలే. రెండింటిలోనూ ముప్పు ఆకాశం నుంచే. ‘యుగాంతం’లో ఆయన్ని పట్టి ఉంచిన ప్రశ్న ఖగోళశాస్త్రానిది కాదు: రేపు లేదని తెలిశాక మనిషి ఇవాళ ఏం చేస్తాడు? ఎవరి దగ్గరికి పరుగెత్తుతాడు? ఎవరిని వదిలేస్తాడు? ఆస్ట్రేలియాలో స్థిరపడిన నెవిల్ షూట్ 1957లో ‘ఆన్ ది బీచ్’ రాశాడు. అణుయుద్ధం తర్వాత మెల్‌బోర్న్ జనం చావుకోసం ఎదురుచూసే నవల అది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. షూట్ పాత్రలు నిబ్బరంగా ఉంటాయి. యండమూరి మనుషులు ఏడుస్తారు, బేరమాడతారు, పాత పగలు తీర్చుకుంటారు. మన వీధిలోవాళ్లే వాళ్లు.

‘ఆనందోబ్రహ్మ’ని ప్రేమకథల అరలో పెట్టేస్తాం. నిజానికి అదీ భవిష్యత్తులో నిలబడి, వెనక్కి తిరిగి గోదావరి గట్టును చూసే నవల. వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో కొత్త తరానికి పరిచయమైన రచయితలో ఈ కోణం మరుగున పడిపోవడం బాధాకరం.

ఆ తర్వాత ఈ ఊహని సినిమా అందుకుంది. సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసి, టైమ్ మెషీన్‌ని కృష్ణదేవరాయల కొలువులో దించారు. 2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ తీస్తే, ఆ ప్రయత్నానికి మార్గదర్శిగా నిలిచిందీ ఆ పెద్దాయనే. నవల మాత్రం వెనకబడింది. డాక్టర్ చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’, ‘నీలీ-ఆకుపచ్చ’, ‘భూమి నుంచి ప్లూటో దాకా’ అంటూ గ్రహాల మీదుగా కథ నడుపుతూ వచ్చారు. అలాంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. సీరియళ్లని బతికించిన వారపత్రికలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి.

రాయడానికి కథలు మాత్రం కళ్లముందే ఉన్నాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమై పాతికేళ్లు దాటింది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలై, తెలుగును కంప్యూటర్‌కి నేర్పే పరిశోధన చేస్తోంది. అమెరికా పగటికి తన రాత్రుల్ని అప్పగించిన ఉద్యోగులు ఈ ఐటీ కారిడార్‌లో ఉన్నారు. యాప్ చెప్పిన దారిలో బండి నడిపే డెలివరీ కుర్రాళ్లున్నారు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లని పేల్చి కట్టిన అద్దాల మేడలున్నాయి. తన కొలువుకి ఎసరుపెట్టే ప్రోగ్రాముని తన చేత్తోనే రాస్తున్న ఇంజినీరూ ఇక్కడే ఉన్నాడు. అతని ఇంట్లో, అమ్మానాన్నల పాత అట్టపెట్టెలో, ‘యుగాంతం’ ప్రతి ఒకటి ఉండే అవకాశం చాలానే ఉంది. అతని కథని తెలుగులో, ఆ స్థాయి ఉత్కంఠతో రాసే నవలాకారుడు రావాలి. రాయాల్సిందీ ఆ ఆఫీసుల్లోంచి వచ్చినవాళ్లే. ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో వాళ్లకే తెలుసు.