మసి చేసే మంచి పని

అద్దకం కార్ఖానా నీళ్లు వాగులో కలిస్తే వాగు చెడుతుంది. పక్కన బావులూ చెడతాయి. ఆ నీళ్లలోని రంగును ఎండతో విరగ్గొట్టవచ్చా? విరగ్గొట్టవచ్చు.

టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఉంది. గోడల పెయింటులో కలిపేది అదే. రంగు నీళ్లలో ఈ పొడి వేసి ఎండలో పెడితే రంగు మెల్లగా విరిగిపోతుంది. పొడి మాత్రం ఖర్చు కాదు. పెళ్లి కుదిర్చి పక్కకు తప్పుకునే పేరయ్య లాంటిది. ఇలాంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఈ పదార్థం మీద వెలుగు పడేలా చేసి నీటినే రెండు వాయువులుగా విడదీశారు. ఆ సంగతి 1972లో ప్రకటించారు.

కానీ రెండు చిక్కులున్నాయి. ఎండ నూరు పాళ్లయితే ఈ పొడికి పనికొచ్చేది సుమారు 5 పాళ్లే. పైగా, వెలుగు తగిలి లేచిన ఎలక్ట్రాన్లు అనే కణాలు పని చేయకముందే వెనక్కి పోతాయి.

ఇక్కడ కార్బన్ సాయపడుతుంది. దీపం మసిలో ఉండేది ఎక్కువగా కార్బనే. వెంట్రుక మందంలో పదివేల వంతు ఉండే కార్బన్ నలుసులు తయారు చేస్తారు. కూరలో చిటికెడు ఉప్పులా వాటిలో కొంచెం నత్రజని చేరుస్తారు. వాటిని తెల్లపొడికి కలుపుతారు. అప్పుడు కంటికి కనిపించే వెలుగు కూడా పనికొస్తుంది. లేచిన ఎలక్ట్రాన్లను నలుసులు పట్టి ఉంచుతాయి. పని పెరుగుతుంది.

ఇది ఇంకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది. వాడిన పొడిని నీళ్లలోంచి పూర్తిగా తీయాలి కూడా. ఒక్క మాట గుర్తుంచుకోండి. రంగు పోయినంత మాత్రాన అవి మంచినీళ్లు కావు. కాచితే క్రిములు చస్తాయి గానీ, అద్దకం మందులు పోవు.