మొదటి వరస చూసి మోసపోకండి

వాతావరణ బెలూన్ డేటాతో చేసిన నా మొదటి ప్రాజెక్టులో హైదరాబాద్ స్టేషన్ ఎత్తు వంద మీటర్లని వచ్చింది. బేగంపేట ఉండేది దాదాపు 530 మీటర్ల ఎత్తులో. కోడ్‌లో ఎర్రర్ మాత్రం లేదు! డెమోలో మేడమ్ అడిగేదాకా నాకు తట్టనే లేదు.

ఫైల్లో మొదటి వరసే నేల అనుకున్నా. అది 1000 హెక్టాపాస్కల్ వరస. హైదరాబాద్‌లో నేల మీదే పీడనం 950 చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఆ 1000 భూమి లోపల ఉన్నట్టు. ఎత్తు లెక్కగట్టి పెడతారు, ఉష్ణోగ్రత గడి ఖాళీగా ఉంటుంది. ఉష్ణోగ్రత ఉన్న మొదటి వరసే స్టేషన్.

అక్కడ ఎత్తు గడి ఖాళీగా ఉంటే? పై వరస నుంచి కిందికి రండి. 29.3ని రెండు వరసల మధ్య సగటు ఉష్ణోగ్రతతో (కెల్విన్‌లో), పీడనాల నిష్పత్తి నేచురల్ లాగ్‌తో గుణించాలి. ఉదాహరణకు 850 దగ్గర ఎత్తు 1500 మీటర్లు, నేల మీద పీడనం 950, సగటు 298 కెల్విన్ అనుకోండి. మధ్య మందం 970 మీటర్లు. తీసేస్తే 530. సరిపోయిందా!

ఉష్ణోగ్రతలో ఒక్క డిగ్రీ తప్పితే ఇక్కడ మూడు మీటర్లు పోతాయి. గాలిలో తేమను కలిపి లెక్కగట్టే 'వర్చువల్ టెంపరేచర్' వాడకపోతే వానాకాలంలో తొమ్మిది, పది మీటర్ల తేడా రావచ్చు. ఇంటర్వ్యూలో ఫార్ములా చాలామంది చెప్తారు, ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ.

వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ఈ డేటా ఉచితం. హైదరాబాద్ అయ్యాక విశాఖ తీసుకోండి. సముద్రం పక్కన కదా, 1000 వరస చలికాలంలో నేలపైన, ఎండాకాలంలో నేల కింద దొరుకుతుంది. మీ కోడ్ రెండు ఫైళ్లకూ ఒకే ఎత్తు ఇస్తోందా?