గట్టు మీద రోవర్: ఉపగ్రహం చెప్పేదెంత, చెప్పనిదెంత

పొలం మూలన, పాత సర్వే రాయి పక్కన, నిలువెత్తు కడ్డీ పట్టుకుని సర్వేయర్ నిలబడతాడు. కడ్డీ పైకొన మీద గుండ్రటి డబ్బా ఒకటి, చేతికందే ఎత్తులో చిన్న తెర ఒకటి. కడ్డీ నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి దానికో బుడగమట్టం ఉంటుంది. బుడగ నడిమికి వచ్చాక, తెర మీద ‘ఫ్లోట్’ అన్న మాట ‘ఫిక్స్’ అయ్యేదాకా ఆగుతాడు. అవగానే మీట నొక్కుతాడు. ఆ మూల భూమ్మీద ఎక్కడుందో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో నమోదైపోతుంది. ఆ పరికరం పేరు రోవర్. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయ్యాక చాలా ఊళ్లు దాన్ని చూశాయి. వందేళ్ల కిందట అవే పొలాలను ఇనుప గొలుసుతో కొలిచారు.

ఆకాశంలో ఎక్కడో తిరిగే ఉపగ్రహానికి మన గట్టు ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు చాలామంది అనుకునేదానికి పూర్తిగా వేరు. ఉపగ్రహానికి మన గట్టు తెలియదు. అది మనల్ని చూడదు, మన ఫోన్‌ నుంచి ఏమీ అందుకోదు. అది చేసే పని ఒక్కటే: తాను ఎక్కడుందో, తన గడియారంలో టైమెంతో రేడియో తరంగాల మీద అదే పనిగా చెబుతూ ఉండటం. వినేది, లెక్క కట్టేది అంతా కింద ఉన్న పరికరమే. దారి చూపే యాప్ మన ఆచూకీని ఎవరికైనా చేరవేస్తే, అది చేరేది ఇంటర్నెట్ ద్వారా. ఉపగ్రహం ద్వారా కాదు.

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. మూడు సెకన్లయితే కిలోమీటరు. పద్ధతి ఇక్కడా అదే, కాకపోతే శబ్దం బదులు సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోయే రేడియో తరంగం. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. నెత్తి మీదున్న ఉపగ్రహం నుంచి సంకేతం మనల్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. బయల్దేరిన క్షణానికీ చేరిన క్షణానికీ ఉన్న తేడాను వేగంతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. మూడు ఉపగ్రహాల నుంచి మూడు దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలాలి.

కానీ ఫోన్‌లో ఉండేది చవక గడియారం. అది సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే నాలుగో ఉపగ్రహం కావాలి. మొదటి మూడూ చోటు చెబితే, నాలుగోది ఫోన్ గడియారం ఎంత తప్పిందో పట్టిస్తుంది. నాలుగు దూరాలూ ఒకే బిందువు దగ్గర కలవాలంటే గడియారాన్ని ఎంత సవరించాలో ఫోనే తేల్చుకుంటుంది.

ఉపగ్రహంలోవి అణు గడియారాలు. వాటికీ ఒక చిక్కుంది. ఎత్తున గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అక్కడి గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. వేగంగా తిరుగుతుంది కాబట్టి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. నికరంగా 38 మైక్రోసెకన్ల ముందు. ఐన్‌స్టీన్ చెప్పిన ఈ లెక్కను సరిచేయకుండా వదిలేస్తే దూరం కొలతలో తప్పు రోజుకు పదకొండు కిలోమీటర్ల చొప్పున పేరుకుపోతుంది. సాపేక్ష సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందని అడిగేవారికి ఆటో డ్రైవర్ ఫోన్ చూపిస్తే చాలు.

గడియారమే ప్రాణమని మన దేశం సొంత అనుభవంతో తెలుసుకుంది. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మన సొంత నావిగేషన్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం వెళ్లింది. 2016 ఏప్రిల్‌కు ఏడూ కక్ష్యలో చేరాయి, వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. ఆ తొలి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న రుబిడియం గడియారాలు మూడుంటే, ఒకదాని తర్వాత ఒకటి మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం పైనే ఉన్నా చోటు చెప్పే పనికి అక్కరకు రాలేదు. ఇస్రో ఆ పాఠం గట్టిగా నేర్చుకుంది. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ అణు గడియారాన్ని పెట్టింది. 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఇలాంటి దెబ్బలు తగిలినా ఈ పని వదలకూడదని నా అభిప్రాయం. జీపీఎస్ అమెరికా సైన్యం కట్టుకున్న వ్యవస్థ. 2000 మే దాకా పౌరులకు కావాలనే తప్పు కలిపి ఇచ్చింది. పొలాలు, పడవలు, విమానాలు అన్నీ ఆధారపడే కొలత ఇంకొకరి దయ మీద ఉండటం మంచిది కాదు.

ఇక ఫోన్‌కూ రోవర్‌కూ తేడా ఎందుకో చూద్దాం. సంకేతం వాతావరణం పైపొర అయిన అయనావరణం గుండా వచ్చేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరున్న మనలాంటి ప్రాంతాల్లో ఈ పొర మరీ చంచలం, పొద్దుగూకాక ఇంకా ఎక్కువ. కొండనో మేడనో తాకి వచ్చిన సంకేతం దూరాన్ని ఎక్కువ చేసి చూపుతుంది. ఇవన్నీ కలిసి, ఆరుబయట కూడా ఫోన్ చూపే చోటు మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ అవుతుంది. రోవర్ ఒంటరిగా పనిచేయదు. దానికి దూరంగా ఎక్కడో స్థిరంగా నాటిన బేస్ స్టేషన్ ఉంటుంది. ఆ స్టేషన్ చోటు ముందే పక్కాగా తెలుసు. ఉపగ్రహాలు చెప్పే లెక్కకూ అసలు చోటుకూ తేడా ఎంతుందో అది క్షణక్షణం చూసి రోవర్‌కు చెబుతుంది. దీనికి తోడు రోవర్, సంకేతంలోని సమాచారాన్నే కాక దాన్ని మోసే అలలను కూడా లెక్కపెడుతుంది. ఒక్కో అల పొడవు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ తనకూ మధ్య పూర్తి అలలు ఎన్నున్నాయో ఖాయంగా తేలినప్పుడే తెర మీద ‘ఫిక్స్’ వస్తుంది. ఆ మాట రాకముందే మీట నొక్కితే కొలత ఎన్నో సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తప్పవచ్చు. రోవర్ పట్టుకున్నవాళ్ల పక్కన నిలబడే రైతు చూడాల్సిన మాట అదే.

ఈ తేడా పొలంలో ఎంతవుతుందో లెక్క వేద్దాం. నలుచదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. ఒక గట్టు ఐదు మీటర్లు పక్కకు జరిగితే దాదాపు ఎనిమిది సెంట్ల తేడా. అదే గట్టు మూడు సెంటీమీటర్లు జరిగితే రెండు చదరపు మీటర్ల లోపే. కోత మిషన్‌కు కూలి కట్టడానికి ఫోన్ పట్టుకుని పొలం చుట్టూ నడిచి కొలుచుకునే అలవాటు ఇప్పుడు చాలాచోట్ల ఉంది. ఆ పనికి అది చాలావరకు పనికొస్తుంది. ఎందుకంటే ఆ పది నిమిషాల్లో తప్పు చాలావరకు ఒకే దిక్కుగా ఉంటుంది. పొలం మొత్తం పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది తప్ప విస్తీర్ణం అంతగా మారదు. అదే ఫోన్‌తో గట్టు తగాదా తీర్చబోతే కొత్త తగాదా పుడుతుంది.

ఇంతవరకూ మన చేతికొచ్చింది అంకెలే: అక్షాంశం, రేఖాంశం. ఆ రెంటినీ తారుమారుగా రాస్తే ఆంధ్రాలోని పొలం ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్బార్డ్ దీవుల దరికి పోతుంది. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. అంకెలకు అర్థం కలిగించేది భౌగోళిక సమాచార వ్యవస్థ, అందరూ జీఐఎస్ అంటున్నది. ఒకే ప్రాంతానికి సంబంధించిన వేర్వేరు వివరాలను పొరలుగా పేర్చి, పొరకూ పొరకూ మధ్య ప్రశ్నలు అడగనిచ్చే ఏర్పాటు అది. ఏ పొరలోని వివరానికైనా చిరునామా అక్షాంశ రేఖాంశాలే కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటి రోజున అధికారికి కావాల్సిన జవాబు: ఏ వీధులు మునిగాయి, వాటిలో ఎందరున్నారు, పడవ ఎటునుంచి పోవాలి? మొదటి పొర ఉపగ్రహ చిత్రం. వాన మబ్బుల్లోంచి మామూలు కెమెరా చూడలేదు, రాడార్ చూస్తుంది. నిశ్చలమైన నీరు రాడార్ కిరణాన్ని అద్దంలా పక్కకు తిప్పేస్తుంది కాబట్టి మునిగిన నేల చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. ఇళ్ల మధ్య నీరుంటే మాత్రం కిరణం నీటినీ గోడనూ తాకి తిరిగి రావడంతో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. తెలియనివాళ్లు దాన్ని పొడి నేల అనుకునే ప్రమాదముంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదల్లో ఇలాంటి పటాలే తయారుచేసి ఇస్తుంది. ఆ మొదటి పొర మీద వీధుల పొర, జనాభా పొర, నేల ఎత్తుల పొర.

ఎత్తుల పొరలో ఓ చిత్రమైన చిక్కుంది. ఉపగ్రహ లెక్కలో ఎత్తును నున్నటి ఊహా గోళం నుంచి కొలుస్తారు. నీరు ఆ గోళాన్ని బట్టి పారదు, గురుత్వాకర్షణను బట్టి పారుతుంది. శ్రీలంకకు దక్షిణాన సముద్రమట్టం ఆ ఊహా గోళం కంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. ఆ పల్లం ప్రభావం మన కోస్తా దాకా ఉంది. అందువల్ల సవరణ లేని రిసీవర్ బీచ్ ఒడ్డున కూడా పదుల మీటర్ల మైనస్ ఎత్తు చూపిస్తుంది. ఈ సవరణ చేయకుండా వరద పటం గీస్తే నీరు ఎటు పోతుందో తప్పుగా తేలుతుంది.

పొరలు పేర్చే ఇదే పద్ధతి సముద్రం మీద రోజూ పనిచేస్తోంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనూ నీటిలోని పచ్చదనాన్నీ చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు చెబుతుంది. పడవలో జీపీఎస్ ఉన్నవాళ్లు నేరుగా ఆ చోటికే పోతారు. డీజిల్ మిగులుతుంది.

మళ్లీ భూమి దగ్గరికి వద్దాం, నేను చెప్పదలచుకున్నది అక్కడుంది. పాత కొలత పుస్తకం, ఎఫ్‌ఎంబీ, లింకుల్లో ఉంటుంది. గొలుసు 66 అడుగులు, అందులో నూరు లింకులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఆ పటంలో రాయికీ రాయికీ ఎంత దూరమో ఉంటుంది తప్ప ఆ రాళ్లు భూగోళం మీద ఎక్కడున్నాయో ఉండదు. ఇప్పుడు ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలున్నాయి. కానీ కొత్త విస్తీర్ణం పాతదానితో కలవకపోతే రైతు గుండె జారుతుంది. రీసర్వే తర్వాత భూమి తగ్గిందన్న ఫిర్యాదులు గ్రామసభల్లో వచ్చాయి. కారణాలు చాలా ఉండొచ్చు. వందేళ్లలో గట్లు జరిగాయి, వాగులు కోశాయి, రాళ్లు మాయమయ్యాయి. అమ్మకపు దస్తావేజుల్లో రాసిన సెంట్లన్నీ కూడితే అసలు సర్వే నంబరు విస్తీర్ణాన్ని మించిపోయిన సందర్భాలూ ఉంటాయి. కొన్నిచోట్ల వెలుపలి హద్దు కొలిచారు, లోపల అన్నదమ్ముల వాటాలు విడదీయలేదు. దాంతో నలుగురి పేర్లు ఒకే జాయింట్ ఎల్‌పీఎం (కొత్త భూకమతం పటం) నంబరు కింద పడ్డాయి, అమ్ముకోవాలన్నా పంట రుణం తెచ్చుకోవాలన్నా చిక్కొచ్చింది. ఇందులో ఉపగ్రహం తప్పు ఏమీ లేదు. అడిగిన చోటును అది సరిగ్గానే చెప్పింది. ఏ చోటు చూపాలో, అది ఎవరిదో చెప్పాల్సింది మనుషులు.

తెలంగాణలో సమస్య మరో రూపంలో ఉంది. అక్కడ నక్షాయే లేని గ్రామాలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. పట్టా పాస్ పుస్తకంలో విస్తీర్ణం ఉంటుంది, నేల మీద హద్దు ఎక్కడో చూపే పటం ఉండదు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన భూభారతి చట్టం పటానికి పెద్దపీట వేసింది. మంచిదే. అయితే రోవర్ల కొరత కంటే, రోవర్ పట్టుకునే ముందు హద్దు మీద ఇరుగుపొరుగును ఒప్పించే ఓపిక కొరతే పెద్దదవుతుందని నాకు అనిపిస్తుంది. సెంటీమీటర్ల కచ్చితత్వంతో నమోదైన తప్పును సరిచేయించుకోవడం, గొలుసు కాలపు తప్పును సరిచేయించుకోవడం కంటే కష్టం. ఎందుకంటే దాన్ని చూసినవాళ్లెవరూ అనుమానించరు.

అందువల్ల సర్వే నోటీసు వచ్చినప్పుడు దయచేసి దాన్ని పక్కన పడేయకండి. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లు హద్దులు తెలిసిన మనిషిని పంపండి. పాత ఎఫ్‌ఎంబీ నకలు, దస్తావేజులు, వాటాల కాగితాలు ముందే తీసి పెట్టుకోండి. పటం ముసాయిదా ఇచ్చాక విస్తీర్ణం ఒక్కటే చూసి సంతృప్తి పడకుండా, ప్రతి గట్టు పొడవూ చూడండి. తేడా ఉంటే గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి.