తుప్పుతో మరో యుద్ధం

కిష్టారం అడవుల్లో రైఫిల్ మొరాయిస్తే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే అక్కడ తుపాకీ శుభ్రత ఒక్కరోజు కూడా వాయిదా వేయలేని పని

గస్తీ ముగించుకుని శిబిరానికి చేరిన జవాను స్నానం, భోజనం కంటే ముందు చూసుకోవాల్సింది తుపాకీని. మ్యాగజీన్ ఊడదీయాలి. బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కళ్లతో చూసుకోవాలి. చీకటైతే వేలు పెట్టి తడిమి చూడాలి. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, అప్పుడే విడిభాగాలు విప్పాలి. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా శుభ్రం చేసే తుపాకీయే పేలుతుంది. శత్రువు కనిపించని రోజున కూడా శిబిరాల్లో ప్రాణాలు పోయేది ఇలాంటి పొరపాట్లతోనే.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉంది కిష్టారం. 2018 మార్చి 13న ఈ పేరు దేశమంతా మారుమోగింది. కిష్టారం, పాలోడి శిబిరాల మధ్య మావోయిస్టులు పేల్చిన మందుపాతరకు సీఆర్‌పీఎఫ్ 212వ బెటాలియన్‌కు చెందిన 9 మంది జవాన్లు బలయ్యారు. వారు ప్రయాణిస్తున్నది మందుపాతరలను తట్టుకునేలా తయారుచేసిన వాహనం. అయినా అది వారిని కాపాడలేకపోయింది. రోడ్డును నమ్మలేని ఇలాంటి చోట బలగాలకు కాలినడకే దిక్కు. వాగులు దాటాలి, బురదలో పాకాలి, వానలో రాత్రంతా మాటు వేయాలి. మనిషితోపాటు తుపాకీ కూడా తడుస్తుంది.

ఉక్కుకు బస్తర్ వాతావరణం అసలే పడదు. వానాకాలంలో గాలి నిండా చెమ్మ. చేతి చెమటలో ఉప్పు. ఈ రెండూ కలిస్తే నూనె పొర చెదిరిన చోటల్లా ఎర్రటి మచ్చలు తేలతాయి. ఎండాకాలంలో సమస్య తిరగబడుతుంది. మంచిదే కదా అని నూనె దండిగా పట్టిస్తే దానికి దుమ్ము అంటుకుని పిండిలా ముద్దకడుతుంది. దాంతో బోల్టు బరువెక్కుతుంది. ఖాళీ తూటా గుల్ల బయటికి రాక, కొత్త తూటా లోపలికి పోక తుపాకీ జామ్ అవుతుంది. ఎదురుకాల్పుల్లో ఆ జామ్ తీయడానికి పట్టే కొద్ది సెకన్లే చావుబతుకులను తేల్చేస్తాయి.

నాలుగంగుళాల గుడ్డ

ఇంత కీలకమైన పనికి కావాల్సిన సామగ్రి మాత్రం చాలా చిన్నది. చివర బరువు కట్టిన తాడు, నూనె సీసా, బ్రష్, కొన్ని గుడ్డముక్కలు. ఆ తాడు పేరు పుల్‌త్రూ. గుడ్డను జవాన్లు ‘చిందీ’ అంటారు. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న కొలత ప్రకారం తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ముక్క. నూనె రాయడానికి వెడల్పు అంగుళంన్నరే. గుడ్డ మరీ లావైతే గొట్టంలో ఇరుక్కుంటుంది, మరీ పలచనైతే మురికి పట్టదు. తాడును ఛాంబర్ వైపు నుంచి గొట్టం మూతి వైపు ఒకే ఊపున లాగాలి. మధ్యలో ఆపకూడదు. పక్కకు రాసుకుంటే గొట్టం అంచు అరిగి గురి తప్పుతుంది.

కాల్పులకు ముందు గొట్టం పొడిగా ఉండాలి. కాల్పుల తర్వాత ఒక్కసారి తుడిస్తే సరిపోదు. గొట్టంలో మిగిలిన మసి మర్నాడు మళ్లీ పైకి తేలుతుంది కాబట్టి వరసగా కొన్ని రోజులు అదే పని చేయాలి. గ్యాస్ సిలిండర్, పిస్టన్ మీద పేరుకున్న కార్బన్‌ను గీకాలి. మ్యాగజీన్ నుంచి తూటాలు తీసి, స్ప్రింగ్ చూసి, పొడిగుడ్డతో తుడవాలి. తూటాలకు నూనె పూయకూడదు. అది ప్రైమర్‌లోకి ఇంకితే తూటా తుస్సుమంటుంది. గొట్టంలో నీరు గానీ, మట్టి గానీ ఉండిపోయినప్పుడు కాలిస్తే గొట్టమే పగలవచ్చు. 1944లో నార్మండీ తీరాన దిగిన అమెరికన్ సైనికులు రైఫిల్ మూతికి కండోమ్‌లు తొడిగింది ఈ భయంతోనే.

సాధారణ శుభ్రత జవాను బాధ్యత. అరిగిన పిన్ను, సడలిన స్ప్రింగ్, పగిలిన ఎక్స్‌ట్రాక్టర్ వంటివి ఆర్మరర్ చూడాలి. మరమ్మతు తర్వాత టార్గెట్ మీద కాల్చి గురి సరిచూసుకోవాలి. తెలియని చేతులు లోపలి భాగాలు విప్పితే కుదిరే దానికంటే చెడేదే ఎక్కువ.

తుపాకీకో తీరు

అన్ని తుపాకులూ ఒకేలా ఓర్చుకోవు. 1947 నాటి కలాష్నికోవ్ డిజైన్‌లో భాగాల మధ్య ఖాళీ ఎక్కువ. కొంత మట్టి చేరినా పనిచేసుకుపోతుంది. అలాగని దాన్ని పట్టించుకోనక్కర్లేదనుకోవడమే దానికి పెద్ద ప్రమాదం. ఎస్ఎల్ఆర్‌కు గ్యాస్ రెగ్యులేటర్ ఉంటుంది. మసిపట్టి మందగిస్తే గ్యాస్ పెంచి నడిపించవచ్చు. దేశీయంగా తయారైన 5.56 మి.మీ. ఇన్సాస్‌పై 1999 కార్గిల్ యుద్ధంలోనే ఫిర్యాదులు వచ్చాయి. చలికి ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయన్నది వాటిలో ఒకటి. తర్వాతి కాలంలో మావోయిస్టు ప్రాంతాల్లో దాని బదులు ఏకే రకం రైఫిళ్లు కావాలని సీఆర్‌పీఎఫ్ కోరింది. ఇక పాత .303 తూటాల ప్రైమర్ గొట్టంలో ఉప్పు వదులుతుంది. ఉప్పు నూనెలో కరగదు. అందుకే ఆనాటి సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టాకే నూనె రాసేవారు.

ఆట తుపాకీ కూడా ఈ నియమానికి అతీతం కాదు. జపాన్ కంపెనీ టోక్యో మారుయి 1991లో బ్యాటరీతో నడిచే ఎయిర్‌సాఫ్ట్ గన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మోటారు గేర్లను తిప్పితే పిస్టన్ గాలిని నొక్కి 6 మి.మీ. ప్లాస్టిక్ గుండును విసురుతుంది. దానికీ గొట్టం తుడవాలి, గేర్లకు గ్రీజు పెట్టాలి, బ్యాటరీ పూర్తిగా అడుగంటకుండా చూడాలి. అశ్రద్ధ చేస్తే గేరు పళ్లు విరిగి ఆట ఆగుతుంది. ఆటగాడు ఇంటికి వెళ్లిపోతాడు. కిష్టారంలో ఆ వెసులుబాటు లేదు.

అటువైపూ అదే పాఠం

అడవిలో అవతలి పక్షానికీ ఇదే అవసరం. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్లలో 76 మందిని, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను చంపిన మావోయిస్టులు రెండుచోట్లా వారి ఆయుధాలనూ పట్టుకుపోయారు. ఎత్తుకెళ్లిన రైఫిల్‌కు కంపెనీ సర్వీసింగ్ ఉండదు, విడిభాగాల సరఫరా ఉండదు. దాన్ని ఏళ్ల తరబడి నడిపించాలంటే శుభ్రతా, సొంత వర్క్‌షాపులే ఆధారం. సుక్మా జిల్లా అడవుల్లో 2025లో కూడా బలగాలకు ఆయుధ తయారీ కేంద్రాలు దొరికాయి.

ఆ సంరక్షణ ఎంతకాలం సాగిందో 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో తెలిసింది. ఆ రోజు 210 మంది మావోయిస్టులు 153 ఆయుధాలతో లొంగిపోయారు. వాటిలో ఏకే-47లు 19, ఎస్ఎల్ఆర్‌లు 17, ఇన్సాస్ రైఫిళ్లు 23. అందరినీ ఆలోచింపజేసే అంకె మరొకటి ఉంది: .303 రైఫిళ్లు 36. పంతొమ్మిదో శతాబ్దం చివరినాటి రూపకల్పన అది. తయారీ ఆగిపోయి దశాబ్దాలైన తుపాకులు అడవిలో వానలన్నీ తట్టుకుని మిగిలాయంటే, ఎవరో ఒకరు ప్రతి సాయంత్రం వాటికి నూనె రాస్తూ వచ్చారన్నమాట.

తుపాకీని చంపడానికి తూటా అక్కర్లేదు, కొన్నాళ్లు మరచిపోతే చాలు. అప్పగించిన ఆ రైఫిళ్లకు ఇక నూనె రాసేవారు లేకపోవడమే బస్తర్‌కు శుభవార్త. అలాంటివి అడవిలో ఇంకా మిగిలినంత కాలం మాత్రం, గస్తీ నుంచి తిరిగొచ్చిన జవాను స్నానానికి ముందు ఆ నాలుగంగుళాల గుడ్డముక్క కోసం వెతుక్కోక తప్పదు.